నేను పంపిన ఉత్తరాల వెంట సికింద్రాబాద్‌కు

పదిహేనేళ్ళుగా ఏడాదికి మూడు నాలుగుసార్లు సికింద్రాబాద్ వెళ్ళి వస్తున్నాను. ఊరెలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్నవి మూడే: స్టేషను, లాడ్జి, మీటింగు హాలు. కాకినాడలో రైలెక్కి పడుకుంటే తెల్లారేసరికి అక్కడ దిగడం, సాయంత్రానికి మళ్ళీ రైలెక్కడం. పోయిన చలికాలంలో మాత్రం నాలుగు రోజులున్నాను. పని అలాంటిది. ఆ నాలుగు రోజుల్లో చూసిన ఊరి గురించీ, వెళ్ళిన పని గురించీ రాస్తున్నాను. రెంటినీ విడదీసి రాయడం నాకు చేతకాలేదు.

ముందు పని సంగతి. మా సంస్థ ఆడవాళ్ళ హక్కుల కోసం కొన్ని ఊళ్ళలో సహాయ కేంద్రాలు నడుపుతుంది. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్ళు, కూలి సరిగా అందనివాళ్ళు అక్కడికి వస్తారు. ఆ కేంద్రాల బాధ్యత నాది. విరాళం విదేశాల నుంచి వస్తుంది కాబట్టి కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. కొన్నేళ్ళకోసారి దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో పనిచేసే ఆడవాళ్ళు సొంతంగా పెట్టుకున్న చిన్న సంఘానికి మేము ఆ విరాళంలోంచి కొంత పంపేవాళ్ళం. తర్వాత నియమాలు బిగిశాయి. తీసుకున్న విరాళాన్ని మరో సంఘానికి ఇవ్వకూడదన్నారు. దాంతో వాళ్ళ సంఘాన్ని మా శాఖగా మార్చుకున్నాం. అంతదాకా వాళ్ళకు తెలిసినవాడిగా ఉన్న నేను పైఅధికారినయ్యాను. చెడింది అక్కడే.

ఇప్పుడు మళ్ళీ అనుమతి గడువు దగ్గరపడింది. తనిఖీకి ఒక అధికారి బోయిన్‌పల్లి వస్తున్నాడని కబురు. సహాయం పొందిన ఆడవాళ్ళ పేర్లు, ఇంటి అడ్రసులు సిద్ధంగా ఉంచమన్నారు. ఇవ్వకపోతే కేంద్రం మూతపడవచ్చు. ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి ఇచ్చాను.

స్టేషను బయట

రైలు ఆరింటికి చేరింది. మా కాకినాడలో చలికాలమంటే స్వెట్టరు పెట్టెలోంచి తీసి చూసి మళ్ళీ లోపల పెట్టేయడమే. ఇక్కడ నిజంగా వేసుకోవలసి వచ్చింది. బయట టీ పదిహేను రూపాయలు. సగం గ్లాసే పోశాడేమిటని అడగబోయి, పక్కాయన అంతే టీని పది నిమిషాలు తాగడం చూసి ఊరుకున్నాను.

ఆటో అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏడికి సార్?"

"బోయిన్‌పల్లి మార్కెట్టుకండి."

"సంచి లేదు, ఏం లేదు. కూరగాయలు జేబుల పెట్కొస్తరా?"

"కొనడానికి కాదండీ. అక్కడ పనుంది."

"మార్కెట్ల పనంటే మూటలు మోసుడే. మీ పెయ్యి జూస్తే మోసేటట్టు లేదు. రెండొందలియ్యుండ్రి."

నూట యాభైకి దిగాడు. దారంతా తన పిల్లల ఫీజుల గురించి, మెట్రో పిల్లర్ల గురించి మాట్లాడాడు. దిగేటప్పుడు నవ్వుతూ అన్నాడు: "ఇరవై రెండు సార్లు అండీ అన్నరు సార్. గింత మర్యాద నా పెండ్లినాడు సుత నాకెవ్వలియ్యలే."

బోయిన్‌పల్లి మార్కెట్

ఏడింటికే మార్కెట్టు సగం పని ముగించుకుని ఉంది. లారీలు వెనక్కి వస్తుంటే జనం పక్కకు తప్పుకోవడం లేదు, లారీలే జనాన్ని చూసి ఆగుతున్నాయి. ప్లాస్టిక్ డబ్బాల్లో టమాటాలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వాటి పక్కన ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని పండిన వాటిని, పచ్చివాటిని, చితికిన వాటిని ఏరుతున్నారు. మాట్లాడుకుంటూనే ఏరుతున్నారు. ఒక్కరూ కాయలను చూడడం లేదు. చేతివేళ్ళకే తెలిసిపోతోంది.

నేను మాత్రం చూస్తూ నడిచి కూడా చితికిన టమాటాల మీద కాలు జారి, నడుము దాకా ఎర్రగా లేచాను. సహాయ కేంద్రం ఆ పక్కనే, గోనెసంచుల దుకాణం మీద ఉన్న ఒక గది. మెట్లెక్కేసరికి పైన యాదమ్మ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు ఈ మార్కెట్లో టమాటాలు ఏరింది. ఇప్పుడు ఆ కేంద్రాన్ని నడిపేది ఆమే.

"ఏంది సారూ, గింత పొద్దుగాల పచ్చడై వచ్చినవ్?"

లోపలున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఒకావిడ నా ప్యాంటు పంపు కింద పెట్టి తొక్కింది. నేను వాళ్ళిచ్చిన తువ్వాలు చుట్టుకుని, తనిఖీ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ వేషంలో అధికారం చూపించడం ఎవరి వల్లా కాదు. అది ఒకందుకు మంచిదే అయింది.

ఇక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. మా శాఖ కాకముందు ఈ సంఘంలో రిజిస్టరు లేదు. ఒక స్కూలు నోటుబుక్కు ఉండేది. మొదటిసారి వచ్చిన ఆడమనిషి తన అసలు పేరు చెప్పనక్కర్లేదు. కింద మార్కెట్లో ఉన్న కూరగాయల్లోంచి ఒక పేరు ఎంచుకుంటుంది. వంకాయ, చామగడ్డ, పచ్చిమిర్చి. పుస్తకంలో అదే రాస్తారు. ఎవరెవరో యాదమ్మకు తెలుసు. అంతే.

ఆ పుస్తకం మొదటిసారి చూసినప్పుడు నవ్వాను. రెండోసారి మందలించాను. పేరు, వయసు, భర్త పేరు, ఇంటి అడ్రసు, ఫోటో ఉండే ఫారం అచ్చు వేయించి పంపాను. యాదమ్మ ఫోన్ చేసి, "సారూ, ఈడికొచ్చే ఆడోళ్ళు పేరు దాచుకునేతందుకే వస్తరు. పేరడిగితే మెట్లకాన్నుంచే మళ్ళిపోతరు" అని చెప్పింది. "నియమాలండీ, నా చేతుల్లో ఏముంది?" అన్నాను. నా చేతుల్లో చాలా ఉందని అప్పుడు నాకు తెలుసు.

ఆ తర్వాత, రెండేళ్ళ కిందట, ప్రభుత్వం నుంచి ఒక ప్రశ్న వచ్చింది. మీరు సహాయం చేశామంటున్నవాళ్ళు నిజంగా ఉన్నారా, రుజువు చూపండి అని. నేను ఆ ఫారాల్లోంచి తీసిన లిస్టు మొత్తం అడ్రసులతో సహా పంపేశాను. దాంతోనూ తృప్తి పడక, ఆ ఆడవాళ్ళందరి ఇళ్ళకూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు వేయించాను. ‘కుటుంబ హింస విషయమై మీరు మా కేంద్రంలో సహాయం పొందినట్టు ధ్రువీకరిస్తూ కింద సంతకం చేసి పంపగలరు.’ ఇంటి అడ్రసుకు. కవరు మీద సంస్థ పేరుతో.

యాదమ్మకు ఈ సంగతి మొదటి ఉత్తరం చేరాక తెలిసింది. అప్పటి నుంచి మూడు రోజులు సంఘం ఆడవాళ్ళు కూలి మానుకుని పోస్టుమ్యాన్ వెనకాల తిరిగారు. అతను ఏ గల్లీకి వెళ్తే ఆ గల్లీలోకి ముందే వెళ్ళి, ఉత్తరం ఎవరిదో ఆమెనే బయటికి పిలిచి, ఆమె చేతికే అందేలా చూశారు. ఒక్కటి తప్పిపోయింది. అది భర్త చేతిలో పడింది. ఆ రోజే ఆమె ఇల్లు పోయింది.

ఆ నెల నివేదికలో నేను ఆ సంగతి రాసిన తీరు ఇది: ‘ఒక లబ్ధిదారు చిరునామా మారింది.’

ఆమె పేరు ఇక్కడ రాయను. పొడుగ్గా ఉంటుంది కాబట్టి నోటుబుక్కులో ములక్కాయ అని రాయించుకుంది. నాకూ మీకూ అది చాలు.

"ఆమెను కలవాలండీ," అన్నాను యాదమ్మతో.

"ఎందుకు?"

"క్షమాపణ అడగాలి."

"అడిగితే నీకు మంచిగ నిద్ర పడ్తది. ఆమెకేమొస్తది?"

ఆమె నా ఒళ్ళోని ఫైలు తీసి పక్కన పెట్టి అంది: "ఫోన్ చేసి అడుగుత. రమ్మంటే పో. వద్దంటే నోరు మూసుకొని ఊకో. ముందుగాల బువ్వ తిను."

పచ్చి పులుసుతో అన్నం పెట్టారు. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే, అందులో బెల్లం పడాల్సిందే. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి అలాగే పోసుకుంటారు. రెండో ముద్దకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడుపు ఇప్పుడే షురూ చేసిండు, ఆమెను సూడనన్న లేదు," అంది ప్యాంటు ఉతికిన ఆవిడ.

సైనిక్‌పురి

మర్నాడు ములక్కాయ తను పనిచేసే చోటికి రమ్మందని యాదమ్మ చెప్పింది. సైనిక్‌పురిలో రెండిళ్ళలో వంట చేస్తుంది. పదకొండు గంటలకు పని అయ్యాక ఫలానా మూల మీదికి వస్తానంది.

మిలిటరీలో పనిచేసి వచ్చినవాళ్ళ కోసం వెలిసిన కాలనీ అది. ఇప్పుడు కాఫీ హోటళ్ళూ, కేకుల దుకాణాలూ నిండిపోయాయి. మా ఊరి మెయిన్‌రోడ్డులో నలుగురు భోంచేసే డబ్బుకు అక్కడ ఒక కాఫీ, ఒక కేకు ముక్క వస్తాయి. కాని లోపలి వీధుల్లోకి వెళ్తే పాత ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గేట్లకు నంబర్లు, కుండీలు ఒకే వరసలో, ఎండుటాకు కనిపించని ముంగిళ్ళు.

నేను నిలబడిన మూలకు ఎదురింటి గేటులోంచి తెల్లమీసాల పెద్దాయన వచ్చాడు.

"ఎవరండీ మీరు? పావుగంట నుంచి చూస్తున్నా."

"ఒకరి కోసం ఎదురు చూస్తున్నానండి."

"నిలబడ్డం కూడా రాదే మీకు. ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తున్నారు. బరువు రెండింటి మీదా వెయ్యాలి." లోపలికెళ్ళి మడత కుర్చీ తెచ్చి వేశాడు, గ్లాసుతో మజ్జిగ ఇచ్చాడు. సుబేదారుగా రిటైరయ్యాడట. ఎవరి కోసమని అడిగాడు. ఆయన ముందు అబద్ధం చెప్పడం కష్టం.

"ఒకావిడకు నా వల్ల చాలా నష్టం జరిగిందండి. క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

పెద్దాయన ఆలోచించాడు. "అయితే లేవండి," అన్నాడు. నేను లేవగానే కుర్చీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "దీనికి కూర్చోకూడదు. నిలబడే ఉండండి." మజ్జిగ గ్లాసు మాత్రం నా చేతిలోనే వదిలేశాడు.

ఒంటిగంట దాకా నిలబడ్డాను. ఆమె రాలేదు.

తిరుమలగిరి

మూడో రోజు మధ్యాహ్నం యాదమ్మ ఫోన్ చేసింది. "పొద్దూకినంక తిరుమలగిరికి పో. ములక్కాయ, ఆమె అక్క ఆడ రొట్టెల బండి పెట్టుకున్నరు. ఆకలితోటి పో, తిని పైసలియ్యి. ఊకెనే నిలబడి మాట్లాడితే గిరాకీ చెడ్తది."

కంటోన్మెంటులోకి రాగానే ఊరి చప్పుడు తగ్గిపోతుంది. చెట్ల మొదళ్ళకు సున్నం, రోడ్డు పక్క రాళ్ళకు సున్నం, కనుచూపు మేర గోడ. ఆటో ఒకచోట గేటు మూసి ఉందని వెనక్కి తిరిగి, చాలా దూరం చుట్టి వెళ్ళింది. గోడ దాటగానే మళ్ళీ హారన్లు, సెల్‌ఫోన్ దుకాణాలు, మిర్చీ బజ్జీల నూనె వాసన.

జొన్నరొట్టె ఇరవై రూపాయలు, కూర ముప్పై. ఇద్దరు ఆడవాళ్ళు బండి వెనక నిలబడి ఉన్నారు. ఒకామె కాలుస్తోంది, పొడుగ్గా ఉన్న ఆమె పిండి అరచేత్తో కొడుతోంది. మా వైపు రొట్టె అంటే పీటా కర్రా ఉండాలి. ఇక్కడ చెయ్యే పీట, చెయ్యే కర్ర. ఆ చప్పుడు ఆగకుండానే ఆమె అంది:

"నిన్న సూసిన. రెండు గంటలు నిలబడ్డవ్."

"చూశారా? మరి..."

"మేడ మీదికెళ్ళి సూసిన. దిగబుద్ధి కాలే." రొట్టె పెనం మీద వేసింది. "ఎన్ని?"

"రెండండి."

తిన్నాను. తింటూ చెప్పాను. ఉత్తరాలు పంపమని ఎవరూ నాకు చెప్పలేదని, అది నా సొంత ఆలోచనేనని చెప్పాను. నివేదికలో ఏం రాశానో అది కూడా చెప్పాను. అదంతా ఆమె నావైపు చూడకుండానే విన్నది. పెనాన్నీ, వచ్చేపోయేవాళ్ళనూ ఆమె అక్కే చూసుకుంది.

"నీకొక మాట తెల్వదు," అంది ములక్కాయ. "నేను ఎట్లన్న ఎల్లిపోయేదాన్నే. అంత తయారు చేస్కున్న. నా సర్టిఫికెట్లు, బిడ్డ కాయితాలు అన్ని అక్క ఇంట్ల దాచిన. నాలుగు నెలలాగితే బిడ్డ పది పరీక్షలైతుండె. గా తెల్లారి ఎల్లిపోదామనుకున్న. నా దినం నేను ఏరుకున్న. నీ ఉత్తరం నడుమ వచ్చింది. ఆయన వాడకట్టంత ఇనేటట్టు సదివిండు. గా గడియల కట్టుబట్టలతోటి ఎల్లినం. బిడ్డ పరీక్షలు రాయలే. ఏడాది పోయింది."

"ఇప్పుడు..."

"రాసింది. పాసైంది. కాలేజీల ఉన్నది. గది నీ పుణ్యం కాదు."

"కాదండి."

"మాఫ్ చేసినా అని నా నోటి నుంచి రాదు. గందుకోసమే వస్తే రొట్టె తిని పో."

ఎల్లుండి అనుకున్న తనిఖీ రేపటికే మారిందనీ, అడ్రసులు ఇవ్వనని అధికారితో చెప్పబోతున్నాననీ చెప్పాను. కేంద్రం మూసేయమంటారేమో అని కూడా చెప్పాను. ఆమె మొదటిసారి చేతులు ఆపింది.

"మూసేస్తే? గా మార్కెట్ ఆడోళ్ళు ఏడికి పోవాలె?"

"తెలియదండి."

"ఇప్పుడు సుత తెల్వదా నీకు," అని మళ్ళీ పిండి తీసుకుంది. నేనిచ్చిన వందకు ముప్పై చిల్లర తిరిగిచ్చింది. ఒక రూపాయి కూడా వదులుకోలేదు, నన్నూ వదులుకోనివ్వలేదు.

మళ్ళీ బోయిన్‌పల్లి

నాలుగో రోజు పదకొండింటికి అధికారి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, చాప మీద కూర్చుంటానన్నాడు. యాదమ్మ కుర్చీ వేయించింది. గదిలో ఇరవై మంది దాకా ఆడవాళ్ళు ఉన్నారు. నిన్న రాత్రే యాదమ్మ అందరికీ చెప్పింది: ఇష్టముంటే రాండ్రి, లేకుంటే వద్దు.

"లిస్టు?" అన్నాడు అధికారి.

"ఇవ్వలేమండి. చేసిన పని ఎంతైనా చూపిస్తాం. పేర్లు, అడ్రసులు ఇవ్వం." కారణం అడిగాడు. ఉత్తరాల సంగతి, ఒకామె ఇల్లు పోయిన సంగతి దాచకుండా చెప్పాను.

ఆయన ఫైలు తెరిచి చాలాసేపు చూశాడు. "మాకిచ్చిన నియమంలో పనికి రుజువు అని ఉంది. అడ్రసుల మాట ఎక్కడా లేదు. పోయినసారి మీరే పంపారు. ఒకసారి ఫైల్లోకి వచ్చిన కాగితం ఈసారి ఎందుకు లేదని నన్నడుగుతారు. అందుకే అడిగాను."

"అంటే మొదట అడ్రసులు ఎవరూ అడగలేదా?"

"సంతకం మీదే," అని ఫైలు నావైపు తిప్పాడు.

రెండేళ్ళుగా అడ్రసులు ప్రభుత్వమే అడిగిందని అందరికీ చెప్పుకుంటున్నాను. నాకు నేనే చెప్పుకున్నాను. యాదమ్మ ఆ ఫైలు వైపు చూసి, నావైపు చూసి, టీ గ్లాసులు సర్దడానికి లేచింది.

"పాత లిస్టు వెనక్కి తీసుకుంటున్నామని, ఎందుకో కారణంతో రాసివ్వండి," అన్నాడు అధికారి. "కాని సార్, అది రాసిస్తే విచారణ మీ మీదికి వస్తుంది. ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చానండి." (ఆ విచారణ ఇప్పుడు నడుస్తోంది. దాని గురించి నాకు బెంగ లేదు.)

నేను గోడకానుకుని రాస్తుంటే, ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఒకామె మేస్త్రీ ఎగ్గొట్టిన కూలి ఎలా రాబట్టారో చెప్పింది. ఇంకొకామె చెవి దగ్గర మచ్చ చూపించి, ఇప్పుడు భర్త తనను ముట్టుకునే ముందు యాదమ్మను తలుచుకుంటాడని చెప్తే అధికారి కూడా నవ్వాడు. అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ములక్కాయ.

నన్ను దాటుకుంటూ వెళ్తూ, "నీ కోసం రాలే," అంది. అధికారి ఎదురుగా నిలబడింది. "పేరు చెప్ప, ఇల్లు చెప్ప. ఏం జరిగిందో చెప్త. రాస్కో సార్."

"చెప్పమ్మా."

తనను ఈ కేంద్రం ఎలా నిలబెట్టిందో, ఈ కేంద్రం పేరు మీద వచ్చిన కాగితమే ఎలా కూలదోసిందో, మళ్ళీ ఎవరు లేవదీశారో అన్నీ చెప్పింది. అధికారి రాసుకున్నాడు. రాయడం అయ్యాక పెన్ను మూసి, "కేంద్రం నడవొచ్చని నా రిపోర్టులో రాస్తాను. ఇంత రుజువు నేనెక్కడా చూడలేదు. మిగతాది ఈ సారు కాగితం," అన్నాడు.

నా కాగితం అందించబోయాను. ములక్కాయ మధ్యలో చెయ్యి పెట్టింది.

"ఏం రాసినవ్? సదువు."

చదివాను. "...సదరు ఉత్తరాలను నేను పొరపాటున పంపినందువల్ల..."

"ఆగు. పొరపాటంటే తెల్వక చేసేది. నువ్వు కూసోని ఒక్కొక్క అడ్రసు రాయించి, కవరంటించి పంపినవ్. పేర్లు అడగొద్దని యాదమ్మక్క చెప్పినంక పంపినవ్. ఎందుకు పంపినవో గది రాయి."

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

"భయపడి," అన్నాను.

"ఎవలికి?"

"అనుమతి పోతుందని. అది పోతే నా కుర్చీ పోతుందని."

"గట్లనే రాయి మరి."

‘పొరపాటున’ కొట్టేసి, దాని మీద ‘నా కుర్చీ పోతుందన్న భయంతో’ అని రాశాను. దిద్దిన చోట పక్కన సంతకం పెట్టాలని అధికారి వేలితో చూపించాడు. పెట్టాను. ములక్కాయ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, మొదటి నుంచి చివరిదాకా తనే నెమ్మదిగా చదువుకుంది. తర్వాత తెచ్చి అధికారి చేతిలో పెట్టింది.

"ఇగ తీస్కపో సార్," అంది.